బండి కదలనప్పుడు నేరం బ్యాటరీదేనా?

ముంబయి నలుపు పసుపు టాక్సీలలో చివరి ప్రీమియర్ పద్మిని 2003 అక్టోబరు 29న తాడ్‌దేవ్ ఆర్.టి.ఓ. కార్యాలయంలో నమోదైంది. నగరంలో టాక్సీకి 20 సంవత్సరాల వయఃపరిమితి ఉన్నందువల్ల 2023 అక్టోబరు నెలాఖరుతో పద్మిని టాక్సీల శకం ముగిసింది. బండ్లు వెళ్లిపోయినా వాటి చుట్టూ పెరిగిన మరమ్మతు విద్య మాత్రం నగరంలోనే ఉండిపోయింది. దాదర్, పరేల్, వర్లీ, కామాఠీపురా ప్రాంతాల చాల్‌లలో నివసిస్తూ టాక్సీయో, టెంపోయో, వాయిదాల మీద కొన్న చిన్న కారో నడుపుకొనే తెలుగు కుటుంబాలకు ఆ విద్య పెద్దల నుంచి మాటగా అందింది. అందులో కొంత నేటికీ అక్షరాలా పనికివస్తుంది. కొంత మాత్రం నేటి బండ్లకు కీడు చేస్తుంది. ఈ భేదం తెలియనందువల్ల జరిగే నష్టం చిన్నది కాదు.

తెల్లవారుజామున దాదర్ పూలబజారుకు సరుకు చేర్చవలసిన టెంపో కదలకపోతే ఆ రోజు కిరాయి పోయినట్లే. తొందరలో దగ్గరి మెకానిక్‌ను పిలిస్తే వినిపించే తీర్పు తరచుగా ఒక్కటే: "బ్యాటరీ పోయింది, మార్చాలి." వేల రూపాయలు పోసి కొత్తది వేయిస్తే బండి ఆ పూట లేస్తుంది. రెండు వారాల తరువాత మళ్లీ అదే కథ. కొత్త బ్యాటరీ కూడా చతికిలబడిందంటే లోపం మొదటినుంచీ మరొకచోట ఉన్నదని అర్థం. డబ్బు ఇచ్చే ముందు పది నిమిషాల పరీక్ష చేయించుకుంటే ఈ ఖర్చులో చాలా భాగం తప్పుతుంది. ఆ పరీక్ష ఏమిటో వాహనదారుడికి తెలిసి ఉండాలి.

మూడు భాగాలు, ఒకే వలయం

కారులో విద్యుత్తుకు సంబంధించిన ముఖ్యమైన పనిముట్లు మూడు. బ్యాటరీ విద్యుత్తును నిల్వ ఉంచుతుంది. వాడుకలో సెల్ఫ్ అని పిలిచే స్టార్టర్ మోటారు ఆ నిల్వను ఖర్చు చేసి ఇంజన్‌ను తిప్పుతుంది. ఇంజన్ తిరగడం మొదలైన తరువాత బెల్టు ద్వారా ఆల్టర్నేటర్ తిరిగి, ఖర్చయినదాన్ని బ్యాటరీకి చెల్లిస్తుంది. బండి నడుస్తున్నంతసేపూ దీపాలకు, ఏ.సి.కి, హారన్‌కు విద్యుత్తు ఇచ్చేది ప్రధానంగా ఆల్టర్నేటరే. బ్యాటరీ వెనుక నిలబడి లోటు పూడుస్తుంది. ఈ మూడింటినీ కలిపే తీగలు, టెర్మినళ్లు, ఇంజన్‌కూ బాడీకీ మధ్య ఉండే ఎర్తు పట్టీ నాలుగవ భాగమనుకోవచ్చు. సముద్రపు గాలి తగిలే ఈ నగరంలో ముందుగా చెడిపోయేవి చాలాసార్లు ఇవే.

బండిని పదిసార్లు ఆపి పదిసార్లు స్టార్ట్ చేస్తే బ్యాటరీ ఖాళీ అవుతుందని చాలామంది భయం. లెక్క వేసి చూస్తే సంగతి వేరుగా ఉంటుంది. చిన్న కారు సెల్ఫ్ సుమారు 150 ఆంపియర్లు లాగుతుంది. ఇది చాలా పెద్ద ప్రవాహమే గాని మూడు సెకన్లలో పని ముగుస్తుంది. అంటే ఖర్చయ్యేది ఒక ఆంపియర్ అవర్‌లో ఎనిమిదవ వంతు మాత్రమే. దాన్ని ఆల్టర్నేటర్ కొద్ది నిమిషాలలో తీర్చగలదు. దానికి భిన్నంగా రెండు హెడ్‌లైట్లు వెలిగించి మరిచిపోతే గంటకు సుమారు 9 ఆంపియర్ అవర్లు పోతాయి. 35 ఆంపియర్ అవర్ల బ్యాటరీ నాలుగు గంటలు కూడా నిలువదు. నిశ్శబ్దంగా, చాలాసేపు జరిగే ఖర్చే బ్యాటరీకి అసలు శత్రువు.

వానాకాలపు సాయంత్రం తిలక్ వంతెన మీదనో దాదర్ టీటీ వద్దనో గంటసేపు కదలని ట్రాఫిక్‌ను ఊహించుకోవచ్చు. హెడ్‌లైట్లు, వైపర్లు, ఏ.సి. బ్లోయరు, రేడియేటరు ఫ్యాను అన్నీ పనిచేస్తుంటాయి. ఇంజన్ నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు ఆల్టర్నేటర్ తన పూర్తి శక్తిలో సగానికి అటూఇటూ మాత్రమే ఇవ్వగలదు. లోటు బ్యాటరీ మీద పడుతుంది. ఇలాంటి ప్రయాణాలే రోజూ చేసే బండిలో ఏ లోపమూ లేకపోయినా బ్యాటరీ సగం నిండి ఉండడం సహజం. సగం నిండిన స్థితిలోనే వారాల తరబడి ఉంటే లోపలి సీసపు పలకల మీద ఏర్పడే సల్ఫేటు గట్టిపడి, తరువాత ఎంత చార్జి చేసినా కరగదు. అందుకే నెలకొకసారి బయటి చార్జరుతో రాత్రంతా చార్జి చేయించడం, లేదా ఆగకుండా గంటసేపు సాగే ప్రయాణం ఒకటి చేయడం మంచిది.

తాళంచెవి తిప్పినప్పుడు వినవలసినవి

పరికరం ఏదీ లేకపోయినా చెవి, కన్ను చాలా చెబుతాయి. తాళంచెవి తిప్పగానే డ్యాష్‌బోర్డు దీపాలు కూడా వెలగకపోతే బ్యాటరీ పూర్తిగా ఖాళీ అయి ఉండాలి, లేదా టెర్మినల్ ఊడి ఉండాలి. రెండవదే ముందుగా చూడాలి, దానికి ఖర్చు లేదు. దీపాలు వెలుగుతూ, సెల్ఫ్ వేయగానే టకటకటక అని వరుస చప్పుడు వచ్చి దీపాలు మసకబారితే బ్యాటరీలో బలం లేదు, లేదా టెర్మినల్ వద్ద పట్టు లేదు. సోలనాయిడ్ పట్టుకోగానే వోల్టేజీ కూలిపోతుంది, వదలగానే లేస్తుంది. ఆ పట్టువిడుపుల శబ్దమే అది.

దీపాలు ఏమాత్రం మసకబారకుండా ఒక్కసారే టక్ అని ఆగిపోతే అనుమానం సెల్ఫ్ మీదికి మళ్లాలి. సోలనాయిడ్ లోపలి రాగి బిళ్లలు కాలిపోవడం, కార్బన్ బ్రష్‌లు అరిగిపోవడం దీనికి సాధారణ కారణాలు. బ్రష్‌లు మార్చడానికి అయ్యే ఖర్చు కొత్త సెల్ఫ్ ధరలో చిన్న భాగం. ఈ రెండింటిలో ఏది అవసరమో మెకానిక్‌ను విడదీసి చూపించమని అడగడం వాహనదారుడి హక్కు. సెల్ఫ్ గిర్రున తిరుగుతున్నా ఇంజన్ కదలకపోతే పళ్లచక్రం ఫ్లైవీలును అందుకోవడం లేదని అర్థం. ఇంజన్ చురుకుగా తిరుగుతూనే ఉండి మండుకోకపోతే అది ఇంధనం లేదా స్పార్క్ సమస్య. అప్పుడు పదేపదే సెల్ఫ్ వేయడం వల్ల మంచి బ్యాటరీ కూడా పాడవుతుంది.

ఈ చివరి సంగతి సి.ఎన్.జి. బండ్లు నడిపేవారు ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి. పెట్రోలుకంటే గ్యాసును మండించడానికి స్పార్క్ ప్లగ్గు వద్ద ఎక్కువ వోల్టేజీ కావాలి. అరిగిన ప్లగ్గులతో గ్యాసు మీదనే స్టార్ట్ చేయబోతే ఇంజన్ ఎక్కువసేపు తిరగవలసి వస్తుంది, ఆ భారమంతా సెల్ఫ్ మీద, బ్యాటరీ మీద పడుతుంది. నాలుగు ప్లగ్గుల ఖరీదుతో పోయేదానికి బ్యాటరీ కొన్నవారు ఎందరో ఉంటారు.

మీటరు చెప్పే లెక్క

గుండుగుత్తగా చెప్పిన మాటకంటే మల్టీమీటరు మీది అంకె నమ్మదగినది. లామింగ్టన్ రోడ్డు దుకాణాలలో సాధారణ మల్టీమీటరు కొన్ని వందల రూపాయలకే దొరుకుతుంది. ఒక చాల్‌లోని బండ్ల యజమానులందరూ కలిసి ఒకటి కొనుక్కున్నా సరిపోతుంది.

రాత్రంతా ఆగి ఉన్న బండిలో, ఉదయం ఏ దీపమూ వేయకముందు బ్యాటరీ రెండు ధ్రువాల మధ్య 12.6 వోల్టులు కనిపిస్తే అది నిండుగా ఉన్నట్లు. 12.2 అంటే సుమారు సగం. 12 కంటే తక్కువైతే దాదాపు ఖాళీ. చార్జి చేసినా 10.5 దగ్గరే నిలిచిపోతే లోపలి ఆరు గదులలో ఒకటి చనిపోయిందని నిశ్చయంగా చెప్పవచ్చు, ఎందుకంటే ఒక్కొక్క గది 2.1 వోల్టులు ఇస్తుంది. అలాంటి బ్యాటరీకి మరమ్మతు లేదు.

తరువాత ఒకరు సెల్ఫ్ వేస్తుండగా మరొకరు మీటరు చూడాలి. అంకె 10కి పైనే ఉంటే మంచిదే. నిండుగా చార్జి చేసిన బ్యాటరీ కూడా 9.6 కంటే దిగిపోతుంటే అది బలహీనపడింది, లేదా సెల్ఫ్ అతిగా లాగుతున్నది. మూడవ అంకె ఇంజన్ నడుస్తుండగా తీసుకోవాలి. చాలా కార్లలో అది 13.8 నుంచి 14.4 వోల్టుల మధ్య ఉంటుంది. ఇంజన్ నడుస్తున్నా 12.5 దగ్గరే ఉండి క్రమంగా దిగుతుంటే చార్జింగ్ జరగడం లేదు. ఎన్ని కొత్త బ్యాటరీలు మార్చినా ఫలితం ఉండదు. బెల్టు వదులైందా, ఫ్యూజు పోయిందా, ఆల్టర్నేటర్ బ్రష్‌లు అరిగాయా, రెగ్యులేటరు చెడిందా అనేది ఈ వరుసలోనే చూడాలి, చౌకది ముందు. నడుస్తుండగా డ్యాష్‌బోర్డు మీద ఎర్రని బ్యాటరీ గుర్తు వెలిగితే దాని అర్థం కూడా ఇదే. ఆ దీపం వెలిగిన తరువాత బండి మిగిలిన నిల్వ మీద కొంత దూరం మాత్రమే వెళ్లగలదు. ఏ.సి., రేడియో ఆపి నేరుగా గ్యారేజీకి వెళ్లాలి.

అంకె 15 దాటితే అది వేరే రోగం. రెగ్యులేటరు అదుపు తప్పి బ్యాటరీని ఉడకబెడుతున్నదన్నమాట. నీరు త్వరగా ఇంకిపోవడం, కుళ్లిన గుడ్ల వాసన, తరచుగా బల్బులు కాలిపోవడం దీని ఆనవాళ్లు. ఇటీవలి కొన్ని కార్లలో కంప్యూటరే అవసరాన్నిబట్టి చార్జింగ్‌ను తగ్గించి పెంచుతుంది. వాటిలో ఒక్కసారి చూసిన అంకెను పట్టుకొని ఆల్టర్నేటర్ పోయిందని తీర్మానించకూడదు. దీపాలు, బ్లోయరు వేసి మరల చూడాలి.

ఇవన్నీ సరిగా ఉండి కూడా సెల్ఫ్ మందకొడిగా తిరుగుతుంటే, మీటరు ఒక కొనను బ్యాటరీ మైనస్ ధ్రువానికి, మరొక కొనను ఇంజన్ లోహానికి ఆనించి సెల్ఫ్ వేయించాలి. అర వోల్టు దాటి కనిపిస్తే ఎర్తు పట్టీ తుప్పు పట్టింది. దాన్ని విప్పి, గరుకు కాగితంతో రుద్ది, తిరిగి బిగిస్తే చాలు. టెర్మినళ్ల మీద పేరుకొనే తెల్లని, ఆకుపచ్చని పొడిని వంటసోడా కలిపిన నీటితో కడిగి, ఆరిన తరువాత పలుచగా వాజెలిన్ రాయాలి. సోడానీరు బ్యాటరీ మూతల లోపలికి పోకూడదు. విప్పేటప్పుడు మైనస్ ముందు, బిగించేటప్పుడు మైనస్ చివర. ఇలా చేస్తే పానా పొరపాటున బాడీకి తగిలినా నిప్పురవ్వలు రావు.

మూతలు తీసే రకం బ్యాటరీలో నీరు గుర్తు వరకే పోయాలి, అదీ డిస్టిల్డ్ వాటర్ మాత్రమే. తాన్సా, వైతరణ జలాశయాల నీరు తాగడానికి ఎంత మంచిదైనా అందులోని లవణాలు పలకలను పాడుచేస్తాయి. కొందరు బలం వస్తుందని యాసిడ్ పోయిస్తారు. అది బ్యాటరీ ఆయుష్షును తగ్గించడమే.

ఊరికి వెళ్లి వచ్చేసరికి

బతుకమ్మ, దసరాలకో వేసవి పెళ్లిళ్లకో కరీంనగర్, నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు వెళ్లి నెలరోజుల తరువాత తిరిగి వచ్చిన కుటుంబాలకు వీధిలో నిలిపిన కారు మూగబోయి కనిపించడం సాధారణం. దానికి దొంగలో, దుష్టులో కారణం కాదు. ఆపి ఉంచిన కారులో కూడా గడియారం, అలారం, కంప్యూటరు కొద్దిగా విద్యుత్తు తాగుతూనే ఉంటాయి. అది 50 మిల్లీ ఆంపియర్లు ఉన్నా రోజుకు 1.2 ఆంపియర్ అవర్లు పోతాయి. 35 ఆంపియర్ అవర్ల బ్యాటరీ రెండు వారాలలో సగమవుతుంది. నేరుగా బ్యాటరీకి కలిపిన టాక్సీ మీటరు, జి.పి.ఎస్. పెట్టె, పాటల యాంప్లిఫయరు వంటివి ఉంటే గడువు ఇంకా తగ్గుతుంది. పది రోజులకు మించి ఊరు వెళ్లేటప్పుడు మైనస్ టెర్మినల్ విప్పి పక్కకు కట్టి ఉంచడం ఉత్తమం. తిరిగి బిగించిన తరువాత గడియారం, కొన్ని కార్లలో కిటికీ అద్దాల స్విచ్చులు మళ్లీ సరిచేసుకోవలసి వస్తుంది, అంతే.

పాత అలవాట్లు, కొత్త బండ్లు

పద్మినికి పూర్వరూపమైన ఫియట్ 1100 కార్లలో ఆల్టర్నేటర్‌కు బదులు డైనమో ఉండేది. ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ తీగ ఒకటి పీకి, బండి ఆగకపోతే చార్జింగ్ బాగున్నట్లు తేల్చడం ఆనాటి మెకానిక్కుల పరీక్ష. ఈనాటికీ కొన్ని గ్యారేజీలలో ఇది కనిపిస్తుంది. నేటి కారులో దీన్ని ఎన్నడూ చేయనివ్వరాదు. బ్యాటరీ తొలగిన క్షణంలో ఆల్టర్నేటర్ నుంచి వోల్టేజీ ఒక్కసారిగా ఎగసి, డయోడ్లనూ ఇంజన్ కంప్యూటరునూ కాల్చివేయగలదు. రెండు నిమిషాల మీటరు పనికి బదులు చేసిన ఈ దూకుడు వల్ల కలిగే నష్టం బ్యాటరీ ధరకు ఎన్నో రెట్లు ఉండవచ్చు.

నలుగురు కలిసి ధక్కా పెట్టడం కూడా ఆ కాలపు ఉపాయమే. కార్బురేటరు బండికి ఇంధనం యాంత్రికంగా అందేది. ఇప్పటి బండిలో పెట్రోలు పంపుకు, ఇంజెక్టర్లకు, గ్యాసు వాల్వుకు అన్నిటికీ విద్యుత్తే కావాలి. బ్యాటరీలో కొంత ప్రాణం మిగిలి ఉంటే మాన్యువల్ గేరు బండి ధక్కాతో లేవవచ్చు. పూర్తిగా చచ్చిన బ్యాటరీతో ఎంత తోసినా లేవదు. ఆటోమేటిక్ బండిని తోయించనే కూడదు.

పక్క బండి నుంచి విద్యుత్తు తీసుకోవడమే మేలు. అయితే సాయం ఇచ్చే బండి కూడా 12 వోల్టులదే కావాలి. పెద్ద లారీలు, బస్సులలో సాధారణంగా 24 వోల్టులు ఉంటాయి, వాటితో కలిపితే కారు కాలిపోతుంది. ఎర్రతీగను ముందు చచ్చిన బ్యాటరీ ప్లస్‌కు, తరువాత మంచి బ్యాటరీ ప్లస్‌కు కలపాలి. నల్లతీగను మంచి బ్యాటరీ మైనస్‌కు కలిపి, రెండవ కొనను చచ్చిన బండి ఇంజన్ మీద రంగులేని లోహానికి, బ్యాటరీకి దూరంగా తగిలించాలి. చివరి కలయిక వద్ద నిప్పురవ్వ తప్పదు. బ్యాటరీ నుంచి వెలువడే హైడ్రోజన్ అంటుకోకుండా ఆ దూరం కాపాడుతుంది. బండి లేచిన తరువాత ఇదే వరుసను తిరగవేసి తీయాలి.

హింద్‌మాతా నీళ్లలో

2005 జూలై 26న శాంతాక్రుజ్‌లో 24 గంటలలో 944 మిల్లీమీటర్ల వాన నమోదైంది. అంతటి వాన ఏటా రాకపోయినా దాదర్ హింద్‌మాతా కూడలి పల్లపు ప్రాంతమన్నది అందరికీ తెలిసిన విషయమే. నీటిని తాత్కాలికంగా నిల్వచేయడానికి పాలిక దాదర్ ప్రమోద్ మహాజన్ ఉద్యానం, పరేల్ సెయింట్ జేవియర్స్ మైదానం అడుగున తొట్లు నిర్మించింది. అయినా కుండపోత సమయంలో ఆ దారి వదిలి వెళ్లడమే వివేకం.

నీటిలో బండి ఆగిపోతే మళ్లీ సెల్ఫ్ వేయరాదు. గాలి మార్గం గుండా సిలిండరులోకి నీరు చేరి ఉంటే, నీరు గాలిలా నలగదు గనుక, సెల్ఫ్ బలంతో లోపలి కనెక్టింగ్ రాడ్డు వంగిపోతుంది. ఇలా చెడిన ఇంజన్‌కు సాధారణ బీమా పాలసీ తరచుగా వర్తించదు. ప్రత్యేక ఇంజన్ రక్షణ తీసుకున్నదీ లేనిదీ పాలసీ కాగితంలో వానకాలానికి ముందే చూసుకోవాలి. బండిని తోసి గట్టుకు చేర్చి, మైనస్ టెర్మినల్ విప్పి, మెకానిక్ ప్లగ్గులు తీసి చూసేవరకు ఆగడమే మార్గం. సెల్ఫ్, కొన్ని కార్లలో ఆల్టర్నేటర్, ఇంజన్‌కు దిగువనే ఉంటాయి. మురికినీరు చేరినప్పుడు అవి అప్పటికి పనిచేసినా కొన్ని వారాలకు తుప్పు పట్టి బిగుసుకుపోతాయి. ముంపు తరువాత వాటిని విప్పి శుభ్రం చేయించడానికి అయ్యే ఖర్చు వృథా కాదు.

కొనేటప్పుడు, పారవేసేటప్పుడు

బ్యాటరీ నిజంగానే పోయిందని అంకెలు చెప్పిన తరువాత, కొత్తదాని మీది తయారీ తేదీ చూడాలి. దుకాణంలో నెలల తరబడి చార్జి లేకుండా పడి ఉన్నది కొత్తదైనా పాతదే. వారంటీ కాలంలో రెండు భాగాలు ఉంటాయి: మొదటి భాగంలో చెడితే ఉచితంగా మారుస్తారు, రెండవ భాగంలో కొంత తగ్గింపు మాత్రమే ఇస్తారు. టాక్సీగా నడిచే బండికి వ్యవధి తక్కువగా ఉండడం కద్దు. కార్డు మీద క్రమసంఖ్య, తేదీ, దుకాణం ముద్ర, బండి సంఖ్య రాయించుకోవాలి. ఇంజన్ దానంతట అదే ఆగి లేచే సదుపాయం ఉన్న కారుకు దానికి తగిన రకం బ్యాటరీయే వేయాలి, మామూలుది త్వరగా పోతుంది.

పాత బ్యాటరీని ఇంటికి తెచ్చుకోవలసిన అవసరం లేదు. అందులోని సీసానికి ధర ఉన్నందువల్ల దుకాణదారు కొత్తదాని ధరలో తగ్గిస్తాడు. ఆ తగ్గింపును రసీదులో చూపించమనాలి. 2022 ఆగస్టులో వెలువడిన బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నియమాల ప్రకారం వాడిన బ్యాటరీని ఇంటి చెత్తలో కలపరాదు, సేకరణకో పునరుద్ధరణకో బాధ్యులైనవారికి అప్పగించాలి. వీధి వెంట తిరిగే తూకపు వ్యాపారికి ఇస్తే అది ఎక్కడో రేకుల షెడ్డులో పగిలి, యాసిడ్ మోరీలోకి, సీసపు పొగ చుట్టుపక్కల పిల్లల ఊపిరిలోకి చేరవచ్చు. సీసానికి హాని చేయని మోతాదంటూ ఏదీ తెలియదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. పసిపిల్లల మెదడు ఎదుగుదలను అది శాశ్వతంగా దెబ్బతీస్తుంది.

చాల్‌లలో స్థలం తక్కువ. బండి బ్యాటరీని రాత్రి చార్జికి పెట్టవలసి వస్తే మూసిన గదిలోనో దేవుడి దీపం పక్కనో పెట్టరాదు. ఉమ్మడి వరండాలో పిల్లలు తిరగని మూలన, గాలి ఆడేచోట, కింద ప్లాస్టిక్ తొట్టి ఉంచి పెట్టాలి. దగ్గరలో బీడీ వెలిగించకూడదు. యాసిడ్ కంటిలో పడితే కనీసం 20 నిమిషాలు ధారగా నీటితో కడుగుతూ, ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. దాదర్, పరేల్ పరిసరాల వారికి పరేల్‌లోని కె.ఇ.ఎం. ఆసుపత్రి, కామాఠీపురా వారికి ముంబయి సెంట్రల్‌లోని నాయర్ ఆసుపత్రి సమీపంలో ఉన్నాయి.